మాట గడప దాటకుండా మన తెలుగు వినే యంత్రం కావాలి: వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీలకు బహిరంగ లేఖ

వరంగల్ ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, ఇంకా హనుమకొండ, వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

సార్లూ, మేడమ్‌లూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఇంటర్నెట్‌తో పని లేకుండా, మనం అన్న మాట ఇంటి గడప దాటకుండా, లైట్లు ఫ్యాన్లు మోటార్లు నడిపే వాయిస్ అసిస్టెంట్ ఇవాళ బజార్లో దొరుకుతోంది. దానికి ఇంగ్లీషు బాగా వచ్చు. జర్మన్, ఫ్రెంచ్, డచ్ వచ్చు. తెలుగు సరిగా రాదు, అందులో మన ఉత్తర తెలంగాణ ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు అసలే రాదు. దానికి ఆ తెలుగు నేర్పే పని మీరు తలకెత్తుకోవాలి. ఈ పని చేయడానికి కావాల్సిన చదువు మీ దగ్గరుంది, కావాల్సిన గొంతులు మీ కాలేజీ గేటు బయటే ఉన్నాయి.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ఇళ్ల వైరింగ్ పనిలోకి వచ్చినవాణ్ణి. ఉండేది హనుమకొండ. ఒకప్పుడు స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు చూసుకునేవాణ్ణి. ఇప్పుడు కొత్తిల్లు కట్టేవాళ్లలో చాలామంది స్మార్ట్ స్విచ్చులు అడుగుతున్నారు. పాత ఇళ్ల వాళ్లు కూడా బోర్డు మార్చకుండా వెనకాల చిన్న రిలే మాడ్యూల్ (సిగ్నల్ అందితే స్విచ్ వేసే ముక్క) బిగించమంటున్నారు. సాకెట్ లేని పాత బోర్డుల్లోకి న్యూట్రల్ తీగ రాదు కాబట్టి దాన్ని పైపులోంచి లాగడానికే ఒక పూట పడుతుంది, అది వేరే సంగతి. స్విచ్చులు బిగించాక అందరూ అడిగేది ఒక్కటే: "మాటతో నడుస్తదా అన్నా?" నడుస్తుంది. కానీ ఏ భాషలో నడుస్తుంది, ఆ మాట ఎక్కడికి పోతుంది అన్న రెండు ప్రశ్నలకు నేను ఇవ్వగలిగిన జవాబులు నాకే నచ్చడం లేదు. అందుకే ఈ లేఖ.

మాట ఎక్కడికి పోతుందో మొదట చెబుతాను. మామూలు స్మార్ట్ స్పీకర్ తన పేరు వినిపించగానే మేల్కొంటుంది. ఆ తర్వాత మనం అన్నదంతా ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్‌కు పోతుంది, అక్కడ అక్షరాలుగా మారుతుంది, అక్కడి నుంచి "హాల్లో లైటు వేయి" అనే ఆదేశం తిరిగి మన ఇంటికి వస్తుంది. మూడడుగుల దూరంలో ఉన్న బల్బు వెలగడానికి మన గొంతు ఏ దేశం దాకా పోయి వస్తుందో మనకు తెలియదు. రోడ్డు తవ్వి ఫైబర్ తీగ తెంపిన రోజు ఆ స్పీకర్ మూగబోతుంది. కరెంటు ఉంటుంది, బల్బు బాగుంటుంది, లైటు మాత్రం రాదు.

ఇంట్లోనే పని చేసే రకం వేరు. 2013లో పౌలస్ షౌటెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల) సాఫ్ట్‌వేర్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ మీదో, మినీ పీసీ మీదో అది నడుస్తుంది. 2023ను వాళ్లు గొంతు పని కోసమే కేటాయించారు. 2024 డిసెంబరులో హోమ్ అసిస్టెంట్ వాయిస్ ప్రివ్యూ ఎడిషన్ పేరుతో 59 డాలర్లకు ఒక చిన్న తెల్ల పెట్టె తెచ్చారు. అరచేతిలో పడుతుంది. లోపల ఈఎస్‌పీ32-ఎస్3 చిప్పు, శబ్దాన్ని శుభ్రం చేసేందుకు ఎక్స్‌మాస్ చిప్పు, రెండు మైకులు. పైన తిప్పే డయల్, చుట్టూ లైట్ల రింగు. పక్కన ఒక స్విచ్ ఉంటుంది. నా పనివాడి కంటికి ఆ పెట్టెలో అన్నిటికంటే నచ్చింది ఆ స్విచ్చే. దాన్ని జరిపితే మైకులకు పోయే కరెంటే తెగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌ను నమ్మాల్సిన పని లేదు, ఎర్ర లైటును నమ్మాల్సిన పని లేదు. తీగ తెగితే వినలేదు, అంతే. ఆ సంగతి చదువు రాని మనిషికి కూడా నేను నిమిషంలో చెప్పగలను.

మేల్కొలుపు మాటను, అంటే యంత్రాన్ని లేపే పిలుపును, పెట్టెలోని చిప్పే పట్టుకుంటుంది, అంతవరకు ఏ శబ్దమూ పెట్టె దాటదు. మేల్కొన్నాక మన మాట ఇంటి వైఫై మీద ఇంట్లోనే ఉన్న కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కడ ఒక ప్రోగ్రామ్ దాన్ని అక్షరాలు చేస్తుంది, ఇంకొకటి ఆ అక్షరాల అర్థం పట్టి స్విచ్చుకు చెబుతుంది, పైపర్ అనే మరో ప్రోగ్రామ్ గొంతుతో బదులిస్తుంది. ఇంటర్నెట్ రూటర్ నుంచి బయటి తీగ పీకేసినా ఇవన్నీ నడుస్తాయి. నేను చాలా ఇళ్లలో ఆ తీగ పీకి చూపిస్తాను కూడా. దానికి మించిన నమ్మకం పుట్టించే మాట నా దగ్గర లేదు. ఇదే పెట్టెకు డబ్బు కట్టి వాడుకునే క్లౌడ్ దారి (మాట బయటి సర్వర్‌కు పోయేది) కూడా ఉందన్నది దాచను. ఏ దారి కావాలో మనమే ఎంచుకోవచ్చు. తెలుగువాళ్లకు ఆ ఎంపిక పేరుకే మిగిలిందన్నదే నా బాధ.

ఇల్లు దాటితే ఏమవుతుంది, లైటు వేయమన్న మాటే కదా, అందులో ఏం రహస్యం ఉందని కొందరు సార్లు అనవచ్చు. ఆ పెట్టె ఎక్కడ పెడతారో ఒకసారి చూడండి. హాల్లో, టీవీ పక్కన. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇళ్లలో సాయంత్రమైతే దుబాయి నుంచో, సౌదీ నుంచో, మస్కట్ నుంచో ఫోన్ వస్తుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. జీతం పడిందా, కంపెనీ పాస్‌పోర్టు ఇచ్చిందా, ఏజెంటుకు ఇంకా ఎంత బాకీ ఉంది, బిడ్డకు జ్వరం తగ్గిందా, నువ్వెప్పుడొస్తవ్. ఏడుపులు కూడా ఆ హాల్లోనే. చిట్టీ పాట ఎంతకు పాడుకోవాలో, అన్నదమ్ముల మధ్య భూమి గట్టు గొడవ, ఆడపిల్లకు వచ్చిన సంబంధం, పెద్దాయన రిపోర్టులో డాక్టరు రాసిన మాట, ఇవన్నీ ఆ నాలుగు గోడల మధ్య మాట్లాడుకునేవే. యంత్రం పొరపాటున మేల్కొంటే వాటిలో ఏ ముక్క దారి తప్పుతుందో ఎవరు చెప్పగలరు? టీవీ సీరియల్లో ఎవరో అన్న మాటకు స్పీకర్ దానంతటదే వెలగడం ఆ ఇళ్లలో పని చేస్తూ నేను కళ్లారా చూశాను.

పైగా ఆ ఇంట్లో పెట్టె కొన్నవాళ్లు మాత్రమే ఉండరు. గిన్నెలు తోమే ఆమె ఉంటుంది, పై పోర్షన్‌లో కిరాయికి ఉన్న పిల్లలు పాల ప్యాకెట్ కోసం వస్తారు, ట్యూషన్ పిల్లలు వస్తారు. వాళ్లను ఎవరూ అడగలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చి చెప్పింది. ఆ హక్కు కొత్తిల్లు కట్టుకున్న యజమానికి ఎంత ఉందో, గిన్నెలు తోమే ఆమెకూ అంతే ఉంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు, జరిగినవే చెబుతున్నాను. అమెజాన్ వాయిస్ అసిస్టెంట్ అలెక్సా రికార్డింగులను మనుషులు కూర్చుని వింటున్నారని 2019లో బయటపడింది. పిల్లల గొంతులను చట్టానికి విరుద్ధంగా దాచిందన్న కేసులో 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అమెరికాలో అమెజాన్ ఎకో స్పీకర్లలో కొన్ని మోడళ్లకు గొంతు రికార్డింగును సర్వర్‌కు పంపకుండా ఆపుకునే వీలు ఉండేది, 2025 మార్చి 28 నుంచి దాన్నీ తీసేశారు. సిరి కేసులో ఆపిల్ 9.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది, తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. కొన్ననాడు ఉన్న షరతు ఆర్నెల్ల తర్వాత ఉంటుందని చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో నడిచే యంత్రానికి ఆ బెంగ లేదు. కంపెనీ మూతపడ్డా అది నడుస్తుంది.

ఇక భాష సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలి.

బాలసముద్రంలో ఒక టీచర్ గారింట్లో ఈ పెట్టె బిగించాను. వాళ్లమ్మ గారికి ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. రాత్రిపూట బాత్రూమ్‌కు లేస్తే స్విచ్ ఎక్కడుందో చేత్తో గోడంతా తడుముకోవాలి. ఆమె కోసమే ఇదంతా. ఆమెను అడిగే ఈ సంగతి రాస్తున్నాను. ఇంగ్లీషులో నేర్పితే రెండు రోజుల్లో నేర్చుకుంది. "టర్నాన్ బెడ్రూం లైట్" అని ఒక్కో ముక్కా విడదీసి, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు అంటుంది. లైటు వెలుగుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పగలు బాగానే ఉంది. నిద్రలో లేచి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక భయపడ్డ క్షణాన ఆమె నోట వచ్చేది ఇంగ్లీషు కాదు. "కొడుకా, జర బుగ్గెయ్యి" అంటుంది, లైటు వేయమని. అది ఆమె డెబ్బై ఏళ్లుగా అంటున్న మాట. యంత్రం ఊరుకుంటుంది.

నేను తెలుగుకు మార్చి చూశాను. హోమ్ అసిస్టెంట్‌లో ఏం విన్నదో అక్షరాల్లో చూపించే ఒక పేజీ ఉంటుంది. ఆమె మంచం పక్కన కూర్చుని ఆ పేజీ చూశాను. "కొడుకా" అన్నది "కడక" అయింది. "జర" ఒక్కటే సరిగ్గా వచ్చింది. "బుగ్గెయ్యి" మూడు ముక్కలై ఏ అర్థమూ లేకుండా పడింది. ఆ పాటి తప్పు రాయడానికి కూడా చిన్న కంప్యూటర్ ఎంతో సేపు తిప్పలు పడింది. ఆమె ఈలోపు గోడ పట్టుకుని లేచి స్విచ్ తనే వేసుకుంది.

ఆ అక్షరాలు చేసే ప్రోగ్రామ్ పేరు విస్పర్. ఓపెన్ ఏఐ 2022 సెప్టెంబరులో అందరికీ ఉచితంగా ఇచ్చింది. దానికి నేర్పడానికి 6,80,000 గంటల మాటలు వాడారు. అందులో తెలుగు మాటను తెలుగు అక్షరాల్లో రాయడం నేర్పేందుకు వాడినవి 5 గంటలు కూడా లేవు, వాళ్ల పరిశోధన పత్రంలోనే ఉంది. తమిళానికి 136 గంటలు దొరికాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8 కోట్లకు పైనే. ఇంతమంది మాట్లాడే భాషకు ఒక్కరోజు మాట కూడా దొరకలేదంటే, ఆ లోటు యంత్రానిదనే అనాలా?

పెద్ద కంపెనీల సర్వర్లలో తెలుగు వినే శక్తి దీనికంటే చాలా మెరుగ్గా ఉంది. ఫోన్లో తెలుగులో మాట్లాడి టైపు చేసేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కాబట్టి ఇవాళ మా కస్టమర్ ముందున్న దారులు రెండే. గొంతు ఇల్లు దాటకూడదంటే ఇంగ్లీషు నేర్చుకోవాలి. తన భాషలో మాట్లాడాలంటే గొంతును బయటికి పంపాలి. ఇంగ్లీషు వచ్చినవాడికి రెండూ దొరుకుతాయి. కొత్తవాడలో దర్రీలు నేసే పెద్దమ్మకు ఒక్కటే దొరుకుతుంది. ఈ తేడా నాకు సహించడం లేదు.

ఏం చేయొచ్చో నాకు తోచినంత చెబుతాను. చదువుకున్నవాళ్లు మీరు, తప్పుంటే దిద్దుకోండి.

అన్నిటికంటే సులువైనది, కోడింగ్ పెద్దగా అక్కర్లేనిది, వాక్యాలు రాయడం. హోమ్ అసిస్టెంట్‌కు ఏ భాషలో ఎలా అడుగుతారో వలంటీర్లు ఫైళ్లలో రాసి పెడతారు. ఎవరైనా చేర్చవచ్చు. ఇంగ్లీషు ఫైలు చూసి పుస్తకాల తెలుగులోకి మారిస్తే "వంటగదిలోని దీపాన్ని వెలిగించు" అని వస్తుంది. ఆ మాట మన ఇళ్లలో ఎవరంటారు? లైటెయ్యి అంటారు, లైటు పెట్టు అంటారు, లైట్ ఆన్ చెయ్ అంటారు, పెద్దవాళ్లు బుగ్గెయ్యి అంటారు. ఆర్పడానికి బంద్ చెయ్, బందువెట్టు, తీసెయ్యి, ఆఫ్ జెయ్. ఫ్యానుకు పంకా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని జోరు పెంచమనడం, జర తక్కువ చెయ్యమనడం, ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. వంటర్ర, దేవునర్ర, నడిమిల్లు, సాయబాను, ట్యాంకి, నల్లా, ఈ పేర్లన్నీ ఆ ఫైళ్లలోకి రావాలి. ఇవి రాయడానికి మీ హాస్టల్లో ఉండే ములుగు అమ్మాయి, హుజూరాబాద్ అబ్బాయి చాలు. వాళ్లు ఇంటికి ఫోన్ చేసి అమ్మమ్మను అడిగితే అరగంటలో ఒక పేజీ నిండుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, మీకు పనికొచ్చే చిక్కు. ఇంగ్లీషులో గది పేరు మారదు, ముందు ఒక చిన్న మాట చేరుతుందంతే. మన దగ్గర గది పేరుకే తోక అంటుకుంటుంది. వంటిల్లు అనేది వంటింట్లో అవుతుంది, వంటింట్ల అవుతుంది. అర్ర అర్రలో, అర్రల అవుతుంది. హాలు హాల్లో, హాల్ల అవుతుంది. ఇంటాయన యాప్‌లో "వంటిల్లు" అని ఒక్క పేరే రాస్తాడు, ఇంటామె "వంటింట్ల లైటు బంద్ చెయ్" అంటుంది, యంత్రం అలాంటి గదే లేదంటుంది. నేను ఇప్పుడు ప్రతి ఇంట్లో ఈ రూపాలన్నీ చేత్తో కొట్టి పెడుతున్నాను. పేరు ఒక్కటి ఇస్తే దాని రూపాలన్నీ తనే తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ మీలో ఒక్కరు రాస్తే తెలుగువాళ్లందరికీ పనికొస్తుంది. తెలుగు వ్యాకరణం తెలిసిన కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. 

పిలుపులు కూడా అంతే. మన పెద్దవాళ్లు యంత్రంతో సైతం వరస కలుపుకుని మాట్లాడతారు. కొడుకా, బిడ్డా, అవ్వా, ఓ పిల్లా, జర, కొంచెం, గీ, గా. ఆ ఫైళ్లలో వదిలేయాల్సిన మాటల పట్టిక ఒకటి ఉంటుంది, ఇంగ్లీషులో ప్లీజ్ లాంటి మాటలను అందులో వేశారు. మన వరసలన్నీ అందులో చేరితే ఆ అమ్మగారు తన భాష మార్చుకోనక్కర్లేదు.

వాక్యాలు ముందే తెలిస్తే వినడమూ సులువవుతుంది. స్పీచ్ టు ఫ్రేజ్ అనే పద్ధతి 2025లో వచ్చింది. లోకంలోని మాటలన్నీ రాయబోకుండా, ఈ ఇంట్లో అనగలిగే వాక్యాల్లో ఇది ఏది అని మాత్రమే చూస్తుంది. అందుకే రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద కూడా చకచకా నడుస్తుంది. అది మొదలైంది యూరప్ భాషలతో. తెలుగుకు శూన్యం నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. మాటను అక్షరాలు చేసే ఇంకో ప్రోగ్రామ్ వోస్క్ వాళ్ల దగ్గర చిన్న తెలుగు మోడల్ ఉంది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 22 భారతీయ భాషల్లో గొంతులు సేకరించి, మోడళ్లు తయారుచేసి అందరికీ ఇచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు జనం చేతే దాదాపు 2,000 గంటల తెలుగు మాటలు రికార్డు చేయించారు. వీటన్నిటినీ ఇంట్లో పెట్టుకునే చిన్న పెట్టెలో ఇమిడేలా కుదించి, ఇంటి మాటలకు మళ్లీ సానబెట్టడం మీరు చేయాల్సిన పని. దాన్ని ఎలా చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

సానబెట్టడానికి మాత్రం మన గొంతులు కావాలి. దయచేసి ఏసీ గదిలో, మంచి మైకు ముందు, కాగితం చూసి చదివించి రికార్డు చేయకండి. ఇల్లు అలా ఉండదు. కుక్కర్ కూత వేస్తుంటుంది, ఎండాకాలమంతా కూలర్ హోరు, మిక్సీ, టీవీ, బయట కూరగాయల బండి మైకు. కొత్తవాడలో అయితే మగ్గం చప్పుడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి గొంతు బొంగురుపోయిన హమాలీని, పళ్లూడిన అవ్వను, పక్షవాతం వచ్చి మాట ముద్దగా వచ్చే పెద్దాయనను, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాట్లాడి తెలుగులోకి వచ్చేవాళ్లను, ఏటూరునాగారం వైపు కోయవాళ్లను, నాలుగేళ్ల పిల్లను కూర్చోబెట్టండి. చేయి కదలనివాడికీ, కన్ను కనబడనివాడికీ కదా ఈ యంత్రం ఎక్కువ అవసరం. మామూలుగా వాళ్ల గొంతులే రికార్డుల్లో ఉండవు.

గొంతులు తీసుకునేటప్పుడు అడిగి తీసుకోండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధన కోసమైతే కొన్ని మినహాయింపులు ఇస్తుంది. మినహాయింపు ఉంది కదా అని వాడుకోకండి. గోప్యత కోసం కట్టే యంత్రాన్ని అడగకుండా తీసిన గొంతుల మీద కట్టకూడదు. అర్థమయ్యే తెలుగులో ఒక్క పేజీ రాసి చదివి వినిపించండి. ఏం రికార్డు చేస్తున్నారు, ఎవరికి ఇస్తారు, వద్దనుకుంటే ఎలా తీయించుకోవాలి, ఇంతే. పిల్లల విషయంలో ఆ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి కూలి డబ్బులివ్వండి.

మేల్కొలుపు మాట కూడా మనదే ఉంటే బాగుంటుంది. ఇప్పుడు ఓకే నబూ, హే జార్విస్, హే మైక్రాఫ్ట్ ఉన్నాయి. నబూ అనడానికి మా అవ్వలకు నోరు తిరగడం లేదు. ఇళ్లలో ఉండే పేరు పెడితే కుదరదు, లక్ష్మి అని పెడితే వీధిలో సగం ఇళ్లలో అస్తమానం మేల్కొంటుంది. అక్కా, చెల్లె అనీ పెట్టలేం. నాలుగైదు అక్షరాలుండి, రోజువారీ మాటల్లో రానిది, పళ్లు లేని నోటికి కూడా పలకగలిగేది కావాలి. దీనికి శిక్షణ ఇచ్చే పద్ధతి బయటే ఉంది, పైపర్ లాంటి యంత్ర గొంతులతోనే వేల నమూనాలు తయారుచేసి నేర్పుతారు. ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోయే పని.

ప్రాజెక్టులంటే గుర్తొచ్చింది. ప్రతి ఏడాదీ ఫైనలియర్ పిల్లలు రిలే బోర్డులు, బ్లూటూత్ మాడ్యూళ్లు కొంటూ షాపుల్లో నాకు ఎదురవుతారు. హోమ్ ఆటోమేషన్ చేస్తున్నామంటారు. వైవా రోజు బల్బు వెలుగుతుంది, నల్లట్ట వేసిన రికార్డు పుస్తకం డిపార్ట్‌మెంట్ బీరువాలోకి పోతుంది, మరుసటేడు ఇంకో బ్యాచ్ అదే బల్బును మళ్లీ మొదటి నుంచి వెలిగిస్తుంది. ఆ పిల్లలకు శ్రద్ధ లేక కాదు, నిన్నటి బ్యాచ్ చేసింది వాళ్ల చేతికి రావడం లేదు. గైడ్‌లుగా ఉన్న సార్లు ఒక్క నిర్ణయం తీసుకోండి. ఒకే పని పట్టుకుని ఏడాదికేడాది ముందుకు తీసుకుపోండి, కోడ్, వాక్యాలు, ఒప్పుకున్నవాళ్ల గొంతులు అందరికీ తెరిచి పెట్టండి. వరంగల్ ఎన్‌ఐటీలో జరిగే టెక్నోజియాన్ ఉత్సవానికి ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు కదా, అక్కడ ఒక పోటీ పెట్టండి: ఇంటర్నెట్ తీగ పీకేసి, కూలర్ ఆన్ చేసి, బయటి నుంచి పిలిచిన ఒక పెద్దావిడ తన ఇష్టం వచ్చిన మాటల్లో అడిగితే ఎవరి పెట్టె లైటు వేస్తుందో చూద్దాం.

ఇంకో రెండేళ్లలో పెద్ద ఏఐ మోడళ్లే తెలుగు అంతా నేర్చుకుంటాయి, ఈ శ్రమ ఎందుకు అంటారేమో. నేర్చుకోవచ్చు. అవి ఉండేది వాళ్ల సర్వర్లలో. మన ఇంట్లో, మన కరెంటు మీద, నెలవారీ బిల్లు లేకుండా నడిచేది మనకు మనం కట్టుకుంటేనే ఉంటుంది. పైగా ఆ పెద్ద మోడళ్లు నేర్చుకునే తెలుగు పేపర్లలో, టీవీల్లో వచ్చే తెలుగు. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి రోజు తెలంగాణ భాషా దినోత్సవమని కాలేజీల్లో సభలు పెట్టుకుంటాం, మన యాసను గౌరవించాలని మాట్లాడుకుంటాం. ఆయన బతికిన ఊళ్లోని కాలేజీలు ఆ యాసను వినగలిగే యంత్రం ఒకటి చేయడం ఆ సభలకు తగిన పనే.

నా వంతు నేను చేస్తాను. నేను పని చేసిన ఇళ్లలో ఒప్పుకున్నవాళ్లను మీకు కలుపుతాను. కొందరు ఇప్పటికే సరేనన్నారు, బాలసముద్రం అమ్మగారు మొదటి గొంతు తనదే అన్నారు. ఇన్నాళ్లూ చేత్తో కొట్టి పెట్టుకున్న వాక్యాలు, గదుల పేర్ల రూపాలు, ఏ మాటకు యంత్రం ఏం రాసిందో నోట్ చేసుకున్న కాగితాలు అన్నీ ఇచ్చేస్తాను. మీరు చేసింది పని చేస్తుందో లేదో చూడటానికి ఇళ్లు కావాలి, అవి నా దగ్గరున్నాయి. బోర్డు విప్పాలన్నా, తీగ లాగాలన్నా పిలవండి, ఆ పనికి డబ్బులు తీసుకోను. ఏ డిపార్ట్‌మెంట్ ముందుకొచ్చినా సరే, ఆదివారం తప్ప మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే నాకు ఖాళీ ఉంటుంది. తారీఖు మీరు చెప్పండి, కాగితాలు తీసుకుని నేనే మీ క్యాంపస్‌కు వస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఇళ్ల వైరింగ్ పని చేసే ఒక ఎలక్ట్రీషియన్